పొగ తగ్గితే చాలదు

విశాఖ సిటీ బస్సుల్లో డీజిల్‌కు బయోడీజిల్ (మొక్కల నూనెలతోనో, వాడేసిన వంటనూనెతోనో చేసే ఇంధనం) కలిపి వాడాలన్న మాట వచ్చినప్పుడల్లా అందరూ ముందుగా చెప్పేది నల్ల పొగ తగ్గుతుందని. అది నిజమే. బయోడీజిల్‌లో బరువు లెక్కన దాదాపు 11 శాతం ఆక్సిజన్ ఉంటుంది. అందుకే సిలిండర్‌లో ఇంధనం మరింత బాగా మండి, మసి తక్కువ వస్తుంది. అమెరికా పర్యావరణ పరిరక్షణ సంస్థ అప్పటివరకు జరిగిన పరీక్షల ఫలితాలన్నీ 2002లో ఒకచోట చేర్చి చూసింది. సోయా నూనెతో చేసిన బయోడీజిల్ 20 శాతం కలిపితే మసి కణాలు 10 శాతం, కార్బన్ మోనాక్సైడ్ 11 శాతం, మండకుండా మిగిలిపోయే హైడ్రోకార్బన్లు 21 శాతం తగ్గాయి. నైట్రోజన్ ఆక్సైడ్లు మాత్రం 2 శాతం పెరిగాయి. అచ్చంగా బయోడీజిల్‌తోనే నడిపితే ఆ పెరుగుదల 10 శాతం.

డీజిల్ పొగ క్యాన్సర్ కారకమని ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సర్ పరిశోధన విభాగం 2012లోనే తేల్చింది. కాబట్టి మసి ఎంత తగ్గినా విశాఖకు మేలే. ఒకవైపు పోర్టు, ఇంకోవైపు రిఫైనరీ, స్టీల్ ప్లాంట్, చుట్టూ కొండలు. ఇక్కడి గాలి ఇప్పటికే బరువెక్కి ఉంది. కేంద్రం శుద్ధ వాయు కార్యక్రమం కింద ఎంపిక చేసిన నగరాల్లో మనదీ ఉంది. బయోడీజిల్‌ను మేము స్వాగతిస్తున్నాం. మా పేచీ అంతా కొలత దగ్గరే.

మన దేశంలో డీజిల్ బండికి పొల్యూషన్ సర్టిఫికెట్ ఇచ్చేటప్పుడు చేసే పరీక్ష ఏమిటి? బండిని నిలబెట్టి, యాక్సిలరేటర్ ఒక్కసారిగా తొక్కి, సైలెన్సర్ నుంచి వచ్చే పొగ ఎంత చిక్కగా ఉందో చూస్తారు. అంతే. నైట్రోజన్ ఆక్సైడ్లను అసలు కొలవరు. అంటే బయోడీజిల్ కలిపిన బస్సు ఈ పరీక్షలో మునుపటికంటే సులువుగా గట్టెక్కుతుంది, కంటికి కనపడని వాయువు పెరిగినా ఏ కాగితం మీదకూ ఎక్కదు. ఊపిరితిత్తులను మంట పెట్టేది, ఉబ్బసం ఉన్నవాళ్లను ఇబ్బంది పెట్టేది, ఎండలో ఓజోన్ ఏర్పడేందుకు కారణమయ్యేది ఆ వాయువే. దాన్ని పీల్చేది గాజువాక, ఎన్‌ఏడీ కొత్తరోడ్డు, మద్దిలపాలెంలో గంటల తరబడి నిలబడే ట్రాఫిక్ కానిస్టేబుళ్లు, బస్సు కోసం ఎదురుచూసే పిల్లలు.

2020 ఏప్రిల్ 1 నుంచి వచ్చిన బీఎస్-6 బస్సుల్లో దీనికి విరుగుడు ఉందని అధికారులు అనవచ్చు. ఉంది. యూరియా ద్రావణాన్ని చిమ్మి నైట్రోజన్ ఆక్సైడ్లను మామూలు నైట్రోజన్‌గా మార్చే ఏర్పాటు అది. కానీ ఆ ఏర్పాటు సరిగ్గా పనిచేయాలంటే పొగ వేడి 200 డిగ్రీలు దాటాలి. హైవే మీద సరే, స్టాపు స్టాపుకూ ఆగుతూ, సిగ్నళ్ల దగ్గర పాకుతూ వెళ్లే సిటీ బస్సులో ఆ వేడి చాలాసార్లు అందదు. ఇక పాత బస్సుల్లో చాలావాటికి ఆ ఏర్పాటే లేదు.

అందుకే బయోడీజిల్‌ను డిపోల్లో నింపేముందు రోడ్డు మీదే పరీక్ష జరగాలి. నడుస్తున్న బస్సుకే బిగించి పొగను కొలిచే పరికరాలున్నాయి. ఒకే బస్సును, ఒకే రూట్‌లో, రద్దీ వేళల్లో, జనం ఎక్కినంత బరువుతో, ముందు మామూలు డీజిల్‌తో, తర్వాత బయోడీజిల్ కలిపిన దానితో నడిపి చూడాలి. ఆంధ్ర విశ్వవిద్యాలయం ఇంజినీరింగ్ కాలేజీ ఊళ్లోనే ఉంది. ఆర్టీసీ, కాలుష్య నియంత్రణ మండలి ఆ కాలేజీని కలుపుకొని ఈ పని చేయాలి, ఫలితాలు ఏవైనా ప్రజల ముందు పెట్టాలి. విద్యుత్ బస్సులు వస్తే ఇదంతా ఎందుకని కొందరు అడుగుతారు. అవి రావాలి, త్వరగా రావాలి. అప్పటిదాకా డీజిల్ బస్సులు తిరగక తప్పదు కదా.

నూనె ఎక్కడిదన్నదీ ముఖ్యమే. 2009 జీవ ఇంధన విధానం అడవి ఆముదం గింజల మీద ఆశ పెట్టుకుని 2017 నాటికి డీజిల్‌లో 20 శాతం బయోడీజిల్ కలపాలంది, జరగలేదు. 2018 విధానం డీజిల్‌లో 5 శాతాన్ని 2030కి లక్ష్యంగా పెట్టింది. వంటనూనెలో సగానికిపైగా దిగుమతి చేసుకునే దేశం మంచి నూనెను ట్యాంకుల్లో పోయలేదు. హోటళ్లలో, హాస్టల్ మెస్సుల్లో మరిగి నల్లబడ్డ నూనె సేకరిస్తే అది మళ్లీ బజ్జీల మూకుడులోకి వెళ్లకుండా ఆగుతుంది. ఆ నూనెతో చేసిన బయోడీజిల్‌ను సరిగ్గా శుద్ధి చేయకపోతే అందులో మిగిలిన సోడియం, పొటాషియం బస్సుల పొగశుద్ధి పరికరాలనే పాడుచేస్తాయి. పైగా బయోడీజిల్ తేమను పీల్చుకుంటుంది, మనది సముద్రపు ఊరు. ప్రతి ట్యాంకర్‌కూ నాణ్యత పరీక్ష ఉండాల్సిందే.

డ్రైవర్ల సంగతి కూడా. లీటరు బయోడీజిల్‌లో శక్తి డీజిల్‌కంటే కొంచెం తక్కువ. 20 శాతం కలిపితే మైలేజీ ఒకటి రెండు శాతం పడిపోతుంది. కేఎంపీఎల్ (లీటరుకు నడిచే కిలోమీటర్లు) తగ్గిందని డ్రైవర్‌ను డిపో మేనేజర్ ముందు నిలబెట్టే పరిస్థితి రాకూడదు. ఈ ఇంధనం పోసిన రోజు నుంచే ఆ బస్సుల కేఎంపీఎల్ లక్ష్యాన్ని ఆ మేరకు తగ్గిస్తూ ఆర్టీసీ రాతపూర్వకంగా ఉత్తర్వు ఇవ్వాలి.