సవరణ: డిష్‌వాషర్ నుంచి నీరు కారితే రబ్బరు పట్టీ ఒక్కటే కారణం కాదు

డిష్‌వాషర్ తలుపు కింద నీరు కారుతుంటే తలుపు అంచున ఉండే రబ్బరు పట్టీ మార్చమని పోయిన వారం రాశాను. అది తొందరపాటు. మా ఇంట్లో కొత్త పట్టీ వేశాక కూడా నీరు ఆగలేదు. అసలు కారణం నురుగు. చేత్తో గిన్నెలు తోమే ద్రవ సబ్బును అందులో పోశాం. అది పొంగి తలుపు సందుల్లోంచి బయటికి వచ్చింది. డిష్‌వాషర్ కోసం చేసిన పొడి గానీ బిళ్ల గానీ మాత్రమే వాడండి. నీరు చిమ్మే రెక్క చీలిందేమో కూడా చూడండి, చీలితే ధార నేరుగా తలుపుకు తగులుతుంది. పట్టీని ముందు తడిగుడ్డతో తుడవండి. బీటలు కనిపిస్తేనే మార్చండి.

ఇంకా ముఖ్యమైనది: యంత్రం విప్పే ముందు స్విచ్ ఆపితే చాలని రాశాను. చాలదు! ప్లగ్ పీకి, నీటి కుళాయి కట్టేశాకే అడుగు పలక విప్పాలి. దయచేసి ఇది మాత్రం మరవకండి.

యంత్రాన్ని వంచి అడుగు పళ్లెంలోని నీరు ఒంపేయమని నేనిచ్చిన సలహా కూడా సగమే సరైనది. చాలా యంత్రాల్లో ఆ పళ్లెంలో నీరు చేరగానే ఒక తేలే మీట పైకి లేచి, నీరు లోపలికి రాకుండా ఆపుతుంది. ఒంపితే యంత్రం మళ్లీ నడుస్తుంది గానీ లీకు అలాగే ఉంటుంది. గొట్టాల బిగింపులు వదులయ్యాయేమో అప్పుడే వెతకండి.