అసలు సంగతి

ఇల్లు కట్టి చూడు, పెళ్లి చేసి చూడు అన్న పెద్దలు మూడో పరీక్షను ఎందుకో వదిలేశారు. చేతిలో నాలుగు డబ్బులు మిగిలినప్పుడు ఇంటి అప్పుకు అదనంగా కట్టాలా వద్దా అన్నది తేల్చి చూడాలి. నేను నాలుగేళ్లుగా తేలుస్తున్నాను. ఇలాంటి విషయాల్లో దూకుడు పనికిరాదు.

ముందు లెక్క చూద్దాం. 9 శాతం వడ్డీకి 20 ఏళ్ల అప్పు అనుకోండి. మొదటి వాయిదాలో ప్రతి నూటికి 83 వడ్డీకే పోతుంది, అసలుకు దక్కేది 17. నూరు అప్పు తెచ్చినవాడు ఐదేళ్లలో 54 కట్టేసి కూడా ఇంకా దాదాపు 89 బాకీ ఉంటాడు. అసలు సగానికి దిగేసరికి 14 ఏళ్లు నిండుతాయి. ఇందులో మోసమేమీ లేదు. మిగిలిన బాకీ మీదే వడ్డీ వేస్తారు, మొదట్లో బాకీ ఎక్కువ, కాబట్టి వడ్డీ ఎక్కువ. ఇంత న్యాయంగా ఉండబట్టి ఎవరినీ తిట్టుకునే వీలు కూడా లేకుండా పోయింది.

ఏడాదికి ఒక్క వాయిదా అదనంగా అసలుకు జమ చేస్తూ పోతే ఇదే అప్పు దాదాపు మూడున్నరేళ్లు ముందే తీరుతుంది. ఈ మాట వినగానే వెళ్లి కట్టేసేవాళ్లు ఉంటారు. వాళ్లను చూస్తే నాకు జాలి. ఆలోచనా భాగ్యం లేనివాళ్లు.

మా బావమరిదికి ఆ భాగ్యం ఉంది. "పిచ్చా బావా, ఆ డబ్బు మ్యూచువల్ ఫండ్‌లో వేస్తే 12 శాతం వస్తుంది" అన్నాడు. వస్తుందో రాదో మార్కెట్ దయ. వచ్చినదాన్లో పన్ను పోవచ్చు. అప్పుకు కడితే మాత్రం 9 శాతం ఖాయంగా మిగిలినట్టే. కానీ ఖాయమైన దాంట్లో మేధస్సుకు పనేముంది? అందుకే ఎక్సెల్‌లో 12 వేసి చూశాను. బాగుంది. 14 వేశాను, ఇంకా బాగుంది. పదిహేనో ఏడు వచ్చే లాభాన్ని ఎవరికెంత పంచాలో కూడా రాసి పెట్టుకున్నాను. ఆలు లేదు చూలు లేదు, నా షీట్‌లో మాత్రం సోమలింగం ఉద్యోగంలో చేరి ప్రమోషన్ కూడా కొట్టేశాడు.

మరో వర్గం ఉంది. కనీసం ఆరు నెలల ఖర్చు విడిగా ఉంచుకున్నాకే అదనపు చెల్లింపు మాట ఎత్తమంటారు. ఆసుపత్రి బిల్లు వచ్చిన రోజున గోడలోంచి ఇటుక పీకి ఇవ్వలేం కదా. (ఇది నిజంగానే మంచి మాట, వ్యంగ్యం కాదు.) క్రెడిట్ కార్డు బాకీ ఉంటే ముందు అది తీర్చమని కూడా అంటారు, దాని వడ్డీ ముందు ఇంటి వడ్డీ పసిబిడ్డ. చర్చ అక్కడికి రాగానే నేను టాపిక్ మార్చాను.

తర్వాత ఉపప్రశ్న: అదనంగా కట్టాక నెలవారీ వాయిదా తగ్గించుకోవాలా, గడువు తగ్గించుకోవాలా? గడువు తగ్గిస్తేనే వడ్డీ ఎక్కువ మిగులుతుంది. ఇది తేలడానికి పావుగంట చాలు. నాకు ఎనిమిది నెలలు పట్టింది, ఎందుకంటే నేను రెండు వైపులా విన్నాను. కొన్ని అప్పులకు, ముఖ్యంగా స్థిర వడ్డీ అప్పులకు, ముందే కడితే రుసుము వేస్తారు. నాదానికి ఉందో లేదో ఒప్పందపత్రంలోనే ఉంటుంది. అది చదవడానికి అనువైన ఆదివారం కోసం చూస్తున్నాను.

ఇంత పరిశోధన జరుగుతుండగా మా ఆవిడ మధ్యలో వచ్చి, "ఇంతకీ ఆ డబ్బేదండీ?" అంది.

చూశాను. మొదటి ఏడాది మిగులు టీవీ అయింది. రెండో ఏడాదిది సోఫా, దాంట్లో కూర్చునే ఈ పరిశోధనంతా జరిగింది. మూడో ఏడాదిది ఫోను. నాలుగోది ఏమైందో ఇద్దరికీ గుర్తు రాలేదు. ఫండ్‌కూ పోలేదు, అసలుకూ పోలేదు. ఆ రెండు పక్షాల మధ్య నేను పాటించిన నిష్పాక్షికతకు ఇంతకంటే రుజువు ఏం కావాలి?

నిన్న సాయంత్రం బ్యాంకు నుంచి మెసేజ్ వచ్చింది. వాయిదాలు క్రమం తప్పకుండా కడుతున్నందుకు మెచ్చుకుంటూ, కావాలంటే ఇదే ఇంటి మీద ఇంకొంత అప్పిస్తామన్నారు. తొందరపడకూడదు. ఎక్సెల్‌లో కొత్త షీట్ తెరిచాను.