పెద్దపీట రాబిన్సన్‌కే, కానీ మనం చూపించే సాక్ష్యాలే తప్పు

బాక్సింగ్‌లోని వెల్టర్‌వెయిట్ తరగతిలో ఇప్పటిదాకా వచ్చిన వాళ్లందరిలో ఎవరు గొప్ప అని అడగ్గానే షుగర్ రే రాబిన్సన్ పేరు చెప్పేసి చర్చ ముగించేస్తారు చాలామంది. ఆ పేరుతో నాకు పేచీ లేదు, నా ఓటూ ఆయనకే. పేచీ అంతా ఆ తర్వాత చూపించే సాక్ష్యాలతోనే. ఆయనే ఎందుకు అంటే 1951లో షికాగోలో జేక్ లమొట్టాను పదమూడో రౌండ్ దాకా చితక్కొట్టిన ఫైట్ చూపిస్తారు, లేదా 1957లో జీన్ ఫుల్మర్‌ను ఒకే ఒక్క ఎడమ హుక్‌తో పడేసిన క్లిప్ పెడతారు. రెండూ అద్భుతమే, కాదనను. కానీ రెండూ మిడిల్‌వెయిట్ టైటిల్ ఫైట్లు, 160 పౌండ్ల తరగతివి. మనం మాట్లాడుతున్నది 147 పౌండ్ల గురించి, అంటే దాదాపు 66.7 కిలోలు. ఆ తూకంలో ఆయన ఏం చేశాడో చెప్పకుండా కిరీటం పెట్టేస్తే, తర్వాతి తరం చాంపియన్ షుగర్ రే లెనార్డ్ తరఫున వాదించేవాళ్ల చేతికి మనమే ఆయుధం ఇచ్చినట్టు.

ఇలా జరగడానికి కారణం లేకపోలేదు. వెల్టర్‌వెయిట్‌గా రాబిన్సన్ మంచి ఊపులో ఉన్న 1940ల ఫైట్లు ఫిల్మ్ మీద దొరికేవి చాలా తక్కువ. టీవీ ఇళ్లలోకి వచ్చేసరికి ఆయనకు ముప్పై దగ్గరపడింది, పై తరగతికి వెళ్లిపోతున్నాడు. అంటే మనం కళ్లారా చూడగలిగే రాబిన్సన్ వయసు మీద పడుతూ, తనకంటే బరువైన వాళ్లతో తలపడుతున్న రాబిన్సన్. అంతకుముందు మనిషిని తెలుసుకోవాలంటే రికార్డులు తిరగేయాల్సిందే, ఎవరితో, ఎప్పుడు, ఎంత బరువుతో దిగాడో ఒక్కొక్కటీ చూసుకోవాల్సిందే. ఓపిక కావాలి, నిజమే. కానీ ఆ ఓపిక లేకుండా ఆల్‌టైమ్ గ్రేట్ అనే మాట వాడకూడదని నా అభిప్రాయం.

ముందు అవతలి పక్షం బలం ఒప్పుకుందాం. 147 పౌండ్ల దగ్గర గెలిచిన అతి పెద్ద మూడు ఫైట్లే కొలమానం అయితే షుగర్ రే లెనార్డ్‌ను కొట్టేవాడు లేడు. 1979 నవంబర్‌లో అప్పటిదాకా ఓటమి ఎరగని విల్‌ఫ్రెడ్ బెనీతెజ్‌ను ఆఖరి రౌండ్ ఆఖరి క్షణాల్లో ఆపేసి టైటిల్ తీసుకున్నాడు. 1980 జూన్‌లో మాంట్రియల్‌లో రొబెర్తో దురాన్ చేతిలో ఓడి, అయిదు నెలలకే న్యూ ఓర్లీన్స్‌లో అదే దురాన్ ఎనిమిదో రౌండ్‌లో ఇక నావల్ల కాదని చేతులెత్తేసేలా చేశాడు. ఆ తర్వాత 1981 సెప్టెంబర్ 16, లాస్ వేగాస్, థామస్ హెర్న్స్.

ఈ ఫైట్ దగ్గర కాసేపు ఆగాలి. హెర్న్స్ అప్పటికి 32 ఫైట్లు గెలిచాడు, అందులో 30 నాకౌట్లు. ఆరడుగుల ఒక అంగుళం మనిషి, ఆ పొడవాటి చేతులతో దూరం నుంచే పంచ్‌లు విసురుతుంటే లెనార్డ్ దగ్గరికి వెళ్లడానికే దారి దొరకలేదు. మధ్య రౌండ్లలో లెనార్డ్ అతన్ని గట్టిగా దెబ్బతీశాడు, దాంతో హెర్న్స్ పంథా మార్చి వెనక్కి జరుగుతూ పాయింట్ల ఆట మొదలుపెట్టాడు, పైగా అందులోనూ పైచేయి సాధించాడు. లెనార్డ్ ఎడమ కన్ను వాచిపోయింది. పన్నెండో రౌండ్ అయ్యాక కార్నర్‌లో అతని ట్రైనర్ యాంజెలో డండీ ఫైట్ చేజారిపోతోందని మొహమ్మీదే చెప్పేశాడు. పదమూడులో లెనార్డ్ హెర్న్స్‌ను తాళ్ల బయటికి నెట్టేసేంత కొట్టాడు, పద్నాలుగులో రిఫరీ ఆపేశాడు. ఆపే సమయానికి ముగ్గురు జడ్జీల కార్డుల మీదా హెర్న్సే ముందున్నాడు.

ఇక్కడే ఒక సంగతి గమనించాలి. ఇప్పటి రూల్ ప్రకారం టైటిల్ ఫైట్ పన్నెండు రౌండ్లే. 1982 నవంబర్‌లో రే మాన్సినీతో ఫైట్ తర్వాత కొరియా బాక్సర్ కిమ్ దుక్ కూ చనిపోవడంతో ముందు డబ్ల్యూబీసీ (వరల్డ్ బాక్సింగ్ కౌన్సిల్), తర్వాత మిగతా సంస్థలూ పదిహేనును పన్నెండుకు తగ్గించాయి. ఆ రూల్ రెండేళ్లు ముందు వచ్చి ఉంటే లెనార్డ్ కెరీర్‌లో గొప్ప గెలుపు అనేది ఓటమిగా మిగిలేది. ఇది లెనార్డ్‌ను తగ్గించడానికి అనడం లేదు, పద్నాలుగో రౌండ్‌లో అంత శక్తి మిగుల్చుకోవడమే అతని గొప్ప. నేననేది, వేర్వేరు కాలాల వాళ్లను పక్కపక్కన నిలబెట్టేటప్పుడు రూల్స్‌ను లెక్కలోకి తీసుకోకపోతే ఆ పోలికకు అర్థం లేదని.

మరి లెనార్డ్‌కే ఎందుకు ఇవ్వకూడదు? ఆ తరగతిలో ఉన్న కాలం సరిపోలేదు. 1982లో కంటి రెటీనా దెబ్బతిని రిటైర్ అయ్యాడు, అంటే చాంపియన్‌గా సుమారు మూడేళ్లు, అందులో దురాన్ దగ్గర పోగొట్టుకున్న నెలలు తీసేయాలి. బెనీతెజ్, దురాన్, హెర్న్స్‌లను పక్కన పెడితే టైటిల్ కోసం అతనితో తలపడిన డేవ్ గ్రీన్, లారీ బాండ్స్, బ్రూస్ ఫించ్ మామూలు పోటీదారులే. శిఖరం ఎత్తులో లెనార్డ్‌కు తిరుగులేదు, కానీ ఆ శిఖరం మీద నిలబడింది కొద్దికాలమే.

హెన్రీ ఆర్మ్‌స్ట్రాంగ్ కథ దీనికి పూర్తిగా తలకిందులు. ఫెదర్‌వెయిట్, వెల్టర్‌వెయిట్, లైట్‌వెయిట్ అనే మూడు బరువు తరగతుల టైటిళ్లూ 1938లో ఒకేసారి చేతిలో పెట్టుకున్నవాడు. మే నెలలో బార్నీ రాస్ మీద వెల్టర్ టైటిల్ గెలిచిన రోజు ఆయన బరువు లైట్‌వెయిట్ పరిమితి 135 పౌండ్లు కూడా లేదు. పదిహేను రౌండ్లూ రాస్‌ను ఊపిరి పీల్చుకోనివ్వలేదు. 1939 అక్టోబర్‌లో అయితే మూడు వారాల్లో అయిదుసార్లు టైటిల్ నిలబెట్టుకున్నాడు! ఇప్పటి చాంపియన్లు ఏడాదికి ఒకటి, మహా అయితే రెండు ఫైట్లు. కానీ ఆ అయిదుగురి పేర్లు చూస్తే ఎవరూ మొదటి వరస వాళ్లు కారు. ఆర్మ్‌స్ట్రాంగ్ అన్ని తరగతులూ కలిపి చూస్తే ఎవరికీ తీసిపోడు, కానీ 147 పౌండ్ల దగ్గర మాత్రమే చూస్తే గెలుపుల లెక్క ఉన్నంత ఘనంగా ఎదుటివాళ్ల స్థాయి లేదు.

ఈ తరం వాళ్ల సంగతి. ఫ్లాయిడ్ మేవెదర్ 50-0 (యాభై గెలుపులు, ఓటమి సున్నా) అందరికీ కంఠతా వచ్చు, కానీ అందులో చాలా భాగం కింది తరగతుల్లో వచ్చినవి. మానీ పాకియావ్‌తో ఫైట్ గురించి 2009 చివర్లో మాటలు మొదలైతే అది జరిగింది 2015 మేలో, ఇద్దరూ మంచి వయసు దాటేశాక. నాకు మేవెదర్‌లో నచ్చేది 2010లో షేన్ మోస్లీతో రెండో రౌండ్. మోస్లీ కుడిచేతి దెబ్బకి మేవెదర్ మోకాళ్లు వణికాయి, పట్టుకుని నిలబడ్డాడు, అక్కడి నుంచి మోస్లీకి ఏమీ మిగల్చలేదు. టెరెన్స్ క్రాఫర్డ్ 2018 నుంచి 2023 దాకా వెల్టర్‌లో ఎనిమిది ఫైట్లు చేస్తే ఎనిమిదీ సమయం పూర్తవకముందే ముగించాడు, చివరిది ఎరోల్ స్పెన్స్‌ను మూడుసార్లు పడగొట్టి తొమ్మిదో రౌండ్‌లో. టాలెంట్‌లో ఏ కాలం వాడితోనైనా తూగుతాడు. కానీ స్పెన్స్ దొరికేసరికి క్రాఫర్డ్‌కు 35 ఏళ్లు, అంతకుముందు ప్రమోటర్ల పంచాయితీల్లో పోయిన ఏళ్లు ఎవరు తిరిగిస్తారు? హొసే నాపొలెస్‌ను మాత్రం జనం మరీ అన్యాయంగా మర్చిపోయారు. క్యూబాలో ప్రొఫెషనల్ బాక్సింగ్ నిషేధించాక మెక్సికో చేరి, 1969 నుంచి 1975 దాకా, మధ్యలో గాయం వల్ల పోయిన కొన్ని నెలలు తప్ప, ఈ తరగతిని ఏలాడు. నా మొదటి అయిదుగురిలో అతను ఉంటాడు.

ఇప్పుడు రాబిన్సన్ దగ్గరికి. ఆయన టైటిల్ గెలిచింది 1946 డిసెంబర్ 20న, మాడిసన్ స్క్వేర్ గార్డెన్‌లో టామీ బెల్ మీద, అదీ రెండో రౌండ్‌లో కింద పడి లేచి. అయిదుసార్లు నిలబెట్టుకున్నాడు. బెల్టు కాలం వరకే చూస్తే అందులో చెప్పుకోదగ్గది 1949లో కిడ్ గవిలాన్ మీద గెలుపు, ఆ గవిలాన్ తర్వాత తనే చాంపియన్ అయ్యాడు. ఇంతే అయితే రాబిన్సన్ ఈ చర్చలో మూడో స్థానానికో నాలుగో స్థానానికో సరిపోతాడు. అసలు సరుకంతా బెల్టుకు ముందు ఆరేళ్లలో ఉంది.

1940 అక్టోబర్ 4 రాత్రి గార్డెన్‌లోనే ఆర్మ్‌స్ట్రాంగ్ తన వెల్టర్ టైటిల్‌ను ఫ్రిట్జీ జివిక్‌కు పోగొట్టుకున్నాడు. అదే రాత్రి అదే రింగులో, చిన్న ఫైట్లలో ఒకదానిలో, పంతొమ్మిదేళ్ల రాబిన్సన్ ప్రొఫెషనల్‌గా మొదటి ఫైట్ గెలిచాడు. ఏడాది తిరిగేసరికి ఆ జివిక్‌నే పాయింట్ల మీద ఓడించాడు. కంట్లో వేలు పెట్టడం, గ్లవ్ తాడుతో ముఖం గీరడం లాంటి అన్ని మాయలూ తెలిసిన జివిక్‌ను 1942 జనవరిలో మళ్లీ పట్టుకుని ఈసారి పదో రౌండ్‌లో ఆపేశాడు. ఈ మధ్యలో జివిక్ టైటిల్ ఫ్రెడ్డీ కాక్రన్‌కు పోయింది, కాక్రన్ యుద్ధానికని నేవీలో చేరాడు, టైటిల్ అలాగే స్తంభించిపోయింది. 1946 ఫిబ్రవరిలో కాక్రన్‌ను ఓడించి చాంపియన్ అయిన మార్టీ సర్వోను రాబిన్సన్ 1941, 42లలో రెండుసార్లు ఓడించి ఉన్నాడు. దానికి తోడు ఆ రోజుల్లో టైటిల్ ఫైట్లు ఎవరికి ఇవ్వాలో గ్యాంగ్‌స్టర్ల మనుషులే తేల్చేవాళ్లు, వాళ్లతో రాబిన్సన్‌కు పొసగలేదు. అలా 73 గెలుపులు, ఒక డ్రా, ఒకే ఒక్క ఓటమి ఉన్న మనిషి బెల్టు లేకుండానే అందరికంటే పైన ఉన్నాడు.

ఆ ఒక్క ఓటమి కూడా చూడండి. 1943 ఫిబ్రవరి 5, డెట్రాయిట్. రాబిన్సన్ 144న్నర పౌండ్లు, లమొట్టా 160న్నర. పదహారు పౌండ్ల తేడా. ఎనిమిదో రౌండ్‌లో లమొట్టా ఆయన్ను తాళ్ల మధ్య నుంచి బయటికి పంపాడు, గంట మోగి బతికాడు, పాయింట్ల మీద ఓడాడు. రెండు వారాలకు, ఫిబ్రవరి 19న, న్యూయార్క్‌లో జాకీ విల్సన్ లాంటి గట్టి ప్రత్యర్థిని ఓడించాడు. ఇంకో వారానికి, ఫిబ్రవరి 26న, మళ్లీ డెట్రాయిట్, మళ్లీ లమొట్టా, మళ్లీ ఒకసారి కింద పడ్డాడు, ఈసారి గెలిచాడు. మర్నాడు ఆర్మీలో చేరాడు. మూడు వారాల్లో మూడు ఫైట్లు, అందులో రెండు పై తరగతిలోని భయంకరమైన ఫైటర్‌తో. అప్పుడు తూకం కూడా ఫైట్ రోజునే, ఇప్పటిలా ముందురోజు బరువు చూపించి రాత్రికి రాత్రి నీళ్లు, తిండితో పౌండ్లకు పౌండ్లు పెరిగే వెసులుబాటు లేదు. రింగులోకి దిగిన వెల్టర్‌వెయిట్ నిజంగానే వెల్టర్‌వెయిట్. ఆ ఓటమి తర్వాత 1951 జులైలో లండన్‌లో రాండీ టర్పిన్ చేతిలో ఓడేదాకా, ఎనిమిదేళ్లకు పైగా, ఆయన్ను ఎవరూ ఓడించలేదు.

ఆ రికార్డులో మామూలు వాళ్లు కూడా చాలామంది ఉన్నారు, నిజమే. నెలకు రెండేసి ఫైట్లు చేసే కాలంలో ఎవరి రికార్డైనా అంతే. వాళ్లందరినీ కొట్టేయండి. 1943లో ఆర్మ్‌స్ట్రాంగ్ మీద గెలుపు కూడా తీసేయండి, అప్పటికి ఆయనలో పస అయిపోయింది, అభిమానంతో రాబిన్సన్ గట్టిగా కొట్టలేదని కూడా అంటారు. ఇన్ని తీసేశాక కూడా జివిక్, సర్వో, గవిలాన్, బెల్, వెల్టర్ బరువుతోనే ఓడించిన లమొట్టా మిగులుతారు. ఇంత లోతు మరెవరి దగ్గరా లేదు.

నాకు నిజంగా ఇబ్బంది పెట్టే పేరు ఒకటే, చార్లీ బర్లీ. జివిక్‌తో మూడుసార్లు తలపడి రెండుసార్లు గెలిచాడు. 1944లో ఆర్చీ మూర్‌ను ఓడించాడు, ఆ మూర్ తర్వాత లైట్ హెవీవెయిట్ చాంపియన్. నల్లజాతి వాడు, పెద్ద మేనేజర్ల అండ లేనివాడు, ఎవరూ టైటిల్ ఫైట్ ఇవ్వలేదు, రాబిన్సన్ కూడా అతనితో ఎప్పుడూ దిగలేదు. బర్లీ త్వరలోనే మిడిల్‌వెయిట్ బరువుకు వెళ్లిపోయాడు కాబట్టి అది రాబిన్సన్ పిరికితనం అని నేను అనను, కానీ ఆ ఖాళీ ఖాళీనే. బెల్టు లేని ఆరేళ్లను చూసి రాబిన్సన్‌కు మొదటి స్థానం ఇస్తున్నప్పుడు అదే కొలతతో బర్లీని కూడా కొలవాలి. నా లెక్కలో రాబిన్సన్, లెనార్డ్, ఆర్మ్‌స్ట్రాంగ్, నాపొలెస్, అయిదో పేరు చార్లీ బర్లీ, మేవెదర్ కంటే ముందు.