సవరణ: నీట్ పేపర్‌లో ఇప్పుడు ఛాయిస్ లేదు

కోచింగ్‌కు పోకుండా నల్గొండ, దేవరకొండ వైపు ఇంట్లోనే నీట్‌కు చదువుకునే బైపీసీ పిల్లల కోసం పోయిన వారం ఒక ప్లాన్ పెట్టాను. అందులో "ఒక్కో భాగంలో సెక్షన్ బీలో 15 ప్రశ్నలకు 10 రాస్తే చాలు, టైం 200 నిమిషాలు, కాబట్టి ఫిజిక్స్‌లో రాని చాప్టర్లు ఒకటి రెండు వదిలేయొచ్చు" అన్నాను. అది తప్పు, 2024 వరకు ఉన్న పద్ధతి చూసి రాశాను.

2025 నుంచి ఆ ఛాయిస్ తీసేశారు. ఫిజిక్స్ 45, కెమిస్ట్రీ 45, బయాలజీ 90, మొత్తం 180 ప్రశ్నలు, 180 నిమిషాలు. 720 మార్కులు, తప్పుకు ఒక మార్కు కోత మాత్రం పాతవే. పరీక్ష పెట్టే ఎన్‌టీఏ ప్రకటనలోనూ, ఆ ఏడాది ఇన్ఫర్మేషన్ బులెటిన్‌లోనూ ఇదే ఉంది.

అసలు టెన్షన్ ఆ 20 నిమిషాలు తగ్గడంతోనే. పాత పేపర్లు పారేయకండి. వాటిలోని నాలుగు భాగాల్లోనూ (ఫిజిక్స్, కెమిస్ట్రీ, బోటనీ, జువాలజీ) సెక్షన్ ఏలోని 35 ప్రశ్నలకు బీలో మొదటి 10 కలిపి, సరిగ్గా మూడు గంటలకు అలారం పెట్టుకుని రాయండి. బీలో నచ్చినవి ఏరుకుంటే మాత్రం ప్రాక్టీస్ దండగ.

"తెలుగు మీడియం వాళ్లకు ఇంగ్లిష్ పదాలు అక్కర్లేదా?" అని ఇద్దరు అడిగారు. నేనలా అనలేదు. తెలుగు పేపర్‌లో ఇంగ్లిష్ కూడా ఉంటుంది, అనువాదంలో తేడా వస్తే ఇంగ్లిష్‌దే ఖాయం. రెండూ నేర్చుకోండి.