మందు ఇచ్చాక పిల్లాడిని చూసేదెవరు?

తొమ్మిదేళ్ల పిల్లాడికి ఏడీహెచ్‌డీ (దృష్టి నిలపలేకపోవడం, కుదురులేకపోవడం, తొందరపాటు ఉండే సమస్య) ఉందని చెప్పి డాక్టర్ మిథైల్‌ఫెనిడేట్ రాసిస్తే ఆ ఇంట్లో టెన్షన్ మొదలవుతుంది. మెడికల్ షాపులో చీటీ కాపీ ఒకటి తమ దగ్గరే ఉంచుకోవాలంటారు. ఇంటికొచ్చి ఫోన్‌లో వెతికితే అది మత్తుపదార్థాల చట్టం పరిధిలోకి వచ్చే మందని తెలుస్తుంది. ‘వాళ్ల నాన్న కూడా చిన్నప్పుడు ఇంతే, పెద్దయితే వాడే దారికొస్తాడు’ అని తాతయ్య మందులు అక్కర్లేదంటారు. అమెరికాలో ఉన్న పిన్నేమో ‘మా వాడి క్లాసులో చాలామంది వేసుకుంటున్నారు, ఏం కాదు’ అని ఫోన్‌లో ధైర్యం చెబుతుంది. తల్లి ఎవరి మాట వినాలి? మా ఉద్దేశంలో ఆ ఇంట్లో అసలు అడగాల్సిన ప్రశ్న వేరే ఉంది. మందు మొదలుపెట్టాక ఆ పిల్లాడిని క్రమం తప్పకుండా చూసేదెవరు?

ముందు మందు సంగతి స్పష్టంగా చెప్పుకోవాలి. మిథైల్‌ఫెనిడేట్ లాంటి ఉత్తేజపరిచే మందులు, అంటే స్టిమ్యులెంట్లు, పనిచేస్తాయి. 1937లో అమెరికాలోని రోడ్ ఐలండ్‌లో చార్లెస్ బ్రాడ్లీ అనే వైద్యుడు 30 మంది పిల్లలకు బెంజిడ్రిన్ అనే యాంఫెటమిన్ రకం స్టిమ్యులెంట్ ఇచ్చి చూస్తే, వారిలో దాదాపు సగం మంది వారంలోనే బడి పనిలో ఆశ్చర్యపోయేంత మెరుగయ్యారు. ఉత్సాహం పెంచే మందు కుదురులేని పిల్లలను కుదురుగా కూర్చోబెట్టడం ఆనాడు వింతగా తోచింది. ఈ మందులు మెదడులో డోపమిన్, నార్‌ఎపినెఫ్రిన్ అనే రసాయనాల అందుబాటును పెంచుతాయని, దానివల్ల దృష్టి నిలపడానికి, తొందరపాటును ఆపుకోవడానికి వీలవుతుందని తర్వాత తెలిసింది. 2018లో లాన్సెట్ సైకియాట్రీ పత్రికలో వచ్చిన అధ్యయనం, రోగులకు మందు ఇచ్చి చూసిన 133 క్లినికల్ పరీక్షల ఫలితాలను కలిపి విశ్లేషించింది. తక్కువ కాలం వాడకానికి సంబంధించి పిల్లలకు మిథైల్‌ఫెనిడేట్‌నే మొదటి ఎంపికగా తేల్చింది. రోజూ తిట్లు తిని, స్నేహితులు దూరమై, ‘నేను చెడ్డవాణ్ణి’ అని నమ్మే దశకు చేరిన పిల్లాడికి ఈ మందు నిజమైన ఊరట ఇవ్వగలదు. దాన్ని భయంతోనో, నలుగురూ ఏమనుకుంటారోననో అతనికి అందకుండా చేయడం అన్యాయం.

అయితే ‘తక్కువ కాలం’ అన్న మాటను మరవకూడదు. ఆ పరీక్షల్లో ఎక్కువ భాగం కొన్ని వారాలకే పరిమితం. పిల్లలు వాడేది మాత్రం ఏళ్ల తరబడి. వైద్య పరిశోధనలను సమీక్షించే కాక్రేన్ సంస్థ 2015లో మిథైల్‌ఫెనిడేట్‌పై 185 పరీక్షలను సమీక్షించి, లక్షణాలు తగ్గుతున్నట్టే ఉన్నా ఆధారాల నాణ్యత చాలా తక్కువని చెప్పింది. ఈ మందును అత్యవసర మందుల జాబితాలో చేర్చాలన్న ప్రతిపాదనను ప్రపంచ ఆరోగ్య సంస్థ నిపుణులు 2019లోనూ 2021లోనూ తిరస్కరించారు. చాలామంది పిల్లల వైద్యులు ఆ నిర్ణయాన్ని ఒప్పుకోలేదు. ఈ వాదన ఇంకా నడుస్తూనే ఉంది.

ఈ చర్చలో మాకు అన్నిటికంటే విలువైనదిగా తోచేది 1999లో వెలువడిన ఎంటీఏ అధ్యయనం. అమెరికా జాతీయ మానసిక ఆరోగ్య సంస్థ ఏడు నుంచి తొమ్మిదేళ్ల వయసున్న 579 మంది పిల్లలను తీసుకుని, నాలుగు గుంపులు చేసి, 14 నెలల పాటు గమనించింది. ఒక గుంపుకు జాగ్రత్తగా పర్యవేక్షిస్తూ మందు, రెండో గుంపుకు ప్రవర్తన శిక్షణ, మూడో గుంపుకు రెండూ ఇచ్చారు. నాలుగో గుంపును వాళ్ల ఊళ్లోని మామూలు వైద్యానికి వదిలేశారు. ప్రధాన లక్షణాల విషయంలో మందు తీసుకున్న గుంపులే ముందున్నాయి. పత్రికలన్నీ ఆ మాటనే రాశాయి. కానీ నాలుగో గుంపును చూడండి. అందులో మూడింట రెండు వంతుల మంది పిల్లలు కూడా ఏడాదిలో అవే మందులు వాడారు. అయినా వాళ్ల ఫలితాలు వెనకబడ్డాయి.

మందులు అవే, తేడా అంతా వాటిని వాడిన తీరులో ఉంది. అధ్యయనమే మందు ఇచ్చిన గుంపుల పిల్లల్ని డాక్టర్ నెలనెలా చూశారు. టీచర్ ఏమంటున్నారో అడిగి తెలుసుకున్నారు. దాన్ని బట్టి డోసు సవరించారు. నాలుగో గుంపు పిల్లలకు సాధారణంగా తక్కువ డోసు, ఏడాదికి ఒకటి రెండు సార్లు క్లుప్తంగా డాక్టర్ దర్శనం, బడితో సంబంధమే లేకపోవడం. ఈ వర్ణన చదువుతుంటే మన ఊళ్లలో జరిగేది కళ్ల ముందు కదలడం లేదా? మన దగ్గర ఎక్కువమంది పిల్లలు నాలుగో గుంపులోనే ఉన్నారు. మందు మీద జరిగే వాదనలో సగం, దాన్ని పద్ధతిగా వాడి చూడకుండానే జరుగుతోంది.

ఆ కథ 14 నెలలతో ఆగలేదు. అధ్యయనం ముగిసి, పిల్లలు ఎవరి దారిన వారు వైద్యం చేయించుకున్నాక, మూడో ఏట చూస్తే గుంపుల మధ్య తేడా చెరిగిపోయింది. మందు నిరంతరం వాడిన పిల్లలు వాడనివారికంటే ఎత్తులో సుమారు రెండు సెంటీమీటర్లు వెనకబడ్డారు. మొదటి ఏడాది కనబడిన మేలు అలాగే నిలిచిపోతుందనే భరోసా ఎవరూ ఇవ్వలేరు. అందుకే ఏడాదికి ఒకసారైనా, డాక్టర్ సలహాతో కొద్దిరోజులు మందు ఆపి, ఇంకా అవసరముందా అని చూడాలి. మన దగ్గర ఎంతమందికి అలా చూస్తున్నారు? రాసిన చీటీనే మళ్లీ మళ్లీ రాయడం జరుగుతోంది, లేదంటే తల్లిదండ్రులే చెప్పకుండా మానేస్తున్నారు.

ప్రమాదాల సంగతి దాచి మాట్లాడటం కూడా తప్పు. ఆకలి తగ్గుతుంది, టిఫిన్ బాక్సు అలాగే వెనక్కి వస్తుంది. నిద్ర ఆలస్యమవుతుంది. కొందరికి కడుపునొప్పి, తలనొప్పి వస్తాయి. సాయంత్రం మందు ప్రభావం దిగే వేళకు చిరాకు పెరుగుతుంది. బీపీ, గుండె వేగం కొద్దిగా పెరుగుతాయి. గుండెపోటు భయం చాలామందిని వేధిస్తుంది కాబట్టి చెబుతున్నాం: అమెరికాలో 12 లక్షల మంది పిల్లలు, యువకుల రికార్డులు చూసి 2011లో ప్రచురించిన అధ్యయనంలో ఈ మందుల వల్ల తీవ్రమైన గుండె ప్రమాదాలు పెరిగినట్టు కనబడలేదు. ఏళ్ల తరబడి వాడిన వారిలో బీపీ ముప్పు పెరుగుతోందని స్వీడన్ పరిశోధకులు 2024లో చెప్పారు. 13 నుంచి 25 ఏళ్ల వారిపై 2019లో వచ్చిన మరో అధ్యయనం, సుమారు 660 మందిలో ఒకరికి భ్రమలు, భ్రాంతులు వంటి లక్షణాలు కొత్తగా కనిపించాయని, మిథైల్‌ఫెనిడేట్ వాడిన వారికంటే యాంఫెటమిన్లు వాడిన వారిలో అవి ఎక్కువని తేల్చింది. 2025 జూన్‌లో అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ, ఎక్కువసేపు పనిచేసే స్టిమ్యులెంట్లను ఆరేళ్లలోపు పిల్లలకు ఇస్తే బరువు తగ్గే ముప్పుందని లేబుల్‌పై రాయించింది. వీటిలో చాలావాటిని ముందే పసిగట్టవచ్చు. దానికి ఎత్తు కొలిచే స్కేలు, బరువు తూచే యంత్రం, బీపీ పరికరం చాలు. కుటుంబంలో చిన్న వయసులో గుండె జబ్బుతో ఎవరైనా పోయారా అని అడిగే ఓపిక కావాలి.

ఇక్కడ తల్లిదండ్రులకు ఒక మాట. ఈ బిళ్ల మార్కుల కోసం కాదు. ఏడీహెచ్‌డీ ఉన్న 173 మంది పిల్లలపై అమెరికాలో జరిపి 2022లో ప్రచురించిన ఒక అధ్యయనంలో, మందు వేసుకున్న రోజుల్లో పిల్లలు లెక్కలు ఎక్కువ చేశారు, నియమాలు తక్కువగా మీరారు. కానీ కొత్త పాఠం నేర్చుకోవడంలో మందు వేసుకున్నా వేసుకోకపోయినా తేడా రాలేదు. ఆరో తరగతి నుంచే ఐఐటీ ఫౌండేషన్ అంటూ పొద్దున్నుంచి రాత్రి దాకా కూర్చోబెట్టే బడుల్లో కదలకుండా ఉండలేని ప్రతి పిల్లాడూ రోగి కాడు. ఆ బడి టైంటేబుల్‌కు సరిపోయేలా పిల్లాడికి మందు వేయాలని ఎవరైనా అడిగితే కాదనే ధైర్యం డాక్టర్‌కు ఉండాలి.

నిర్ధారణలోనే పొరపాట్లు జరుగుతున్నాయనడానికి ఒక బలమైన ఆధారం ఉంది. అమెరికాలో బడిలో చేర్చుకునే వయసు లెక్కకు సెప్టెంబర్ 1 కటాఫ్‌గా పెట్టుకున్న రాష్ట్రాల్లో, ఆగస్టులో పుట్టి తరగతిలో అందరికంటే చిన్నవాళ్లైన పిల్లలకు, సెప్టెంబర్‌లో పుట్టి అందరికంటే పెద్దవాళ్లైన వారికంటే 34 శాతం ఎక్కువగా ఏడీహెచ్‌డీ ముద్ర పడుతోందని 2018లో వచ్చిన అధ్యయనం చెప్పింది. అంటే కొందరి విషయంలో జబ్బుగా కనబడింది వయసు తక్కువ కావడమే. బడిలో తొందరగా వేయాలని పుట్టినతేదీ సర్దుబాటు చేసే అలవాటు పూర్తిగా పోని మన రాష్ట్రాల్లో దీన్ని మరింత జాగ్రత్తగా చూడాలి. లక్షణాలు ఆరు నెలలకు పైగా ఉండాలి, 12 ఏళ్లలోపే మొదలై ఉండాలి, ఇంట్లోనూ బడిలోనూ కనబడాలి అని వైద్య ప్రమాణాలు చెబుతున్నాయి. ఇవన్నీ పది నిమిషాల ఓపీలో తేలవు. వినికిడి, చూపు, నిద్ర, డిస్లెక్సియా (చదవడంలో ఇబ్బంది), ఇంట్లో గొడవలు, ఎవరైనా కొడుతున్నారా అన్నది కూడా చూడాలి.

అమెరికాలో 3 నుంచి 17 ఏళ్ల పిల్లల్లో 11.4 శాతం మందికి ఎప్పుడో ఒకప్పుడు ఈ నిర్ధారణ జరిగిందని 2022 లెక్కలు. అక్కడ ఉంటున్న మన కుటుంబాలను బడి నుంచి వచ్చే ఈమెయిల్ కంగారు పెడుతుంది. మందు వేస్తేనే పిల్లాణ్ణి బడిలో ఉంచుతామని షరతు పెట్టే వీలు ప్రభుత్వ పాఠశాలలకు లేకుండా అక్కడి చట్టాన్ని 2004లోనే సవరించారు. ఆ సంగతి తెలిసి ఉంటే డాక్టర్‌తో స్థిమితంగా మాట్లాడుకోవచ్చు. సెలవులకు ఇండియా వచ్చేవాళ్లు ఒకటి గుర్తుంచుకోవాలి: అక్కడ విరివిగా వాడే యాంఫెటమిన్ మందులు ఇక్కడి షాపుల్లో దొరకవు.

అక్కర్లేనివాళ్లకూ ముద్ర పడే అమెరికా సమస్య మనకు ఇంకా అంతగా రాలేదు. మన సమస్య అందుకు తిరగబడినది. ఎక్కువమంది పిల్లలకు నిర్ధారణే జరగదు, దెబ్బలే వైద్యం. లక్ష జనాభాకు ఒక్క సైకియాట్రిస్టు కూడా లేని దేశంలో పిల్లల సైకియాట్రిస్టులు ఎక్కడి నుంచి వస్తారు? మిథైల్‌ఫెనిడేట్ షెడ్యూల్ ఎక్స్ మందు కాబట్టి ప్రత్యేక లైసెన్సున్న షాపుల్లోనే అమ్మాలి. ఆ కట్టడి అవసరమే, మేం దాన్ని సడలించమనడం లేదు. కానీ దానివల్ల చిన్న పట్టణాల్లో మందు దొరక్క, నెల మధ్యలో ఆగిపోయే పిల్లలున్నారు. జిల్లాకు ఒక ప్రభుత్వాసుపత్రిలోనైనా ఈ మందు, దాంతోపాటు స్టిమ్యులెంట్ కాని అటామాక్సెటిన్, ఎప్పుడూ నిల్వ ఉండాలి.

2013లో మొదలైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం చూడాల్సిన సమస్యల జాబితాలో ఏడీహెచ్‌డీ ఉంది. జిల్లా సత్వర చికిత్సా కేంద్రాలున్నాయి. హైదరాబాద్ ఎర్రగడ్డలో, విశాఖలో ప్రభుత్వ మానసిక వైద్యశాలలున్నాయి. వీటిని కలిపే దారమే లేదు. రెండు రాష్ట్ర ప్రభుత్వాలను మేం అడిగేది పెద్ద ఖర్చుతో కూడింది కాదు. స్టిమ్యులెంట్ వాడే ప్రతి పిల్లాడికీ ఒక కార్డు ఇవ్వండి. అందులో ఎత్తు, బరువు, బీపీ, ఆకలి, నిద్ర మూడు నెలలకోసారి రాయించండి. క్లాస్ టీచర్ నింపే ఒక పేజీ అందులో ఉండనివ్వండి. ఎర్రగడ్డ, విశాఖ డాక్టర్లు జిల్లా కేంద్రాల్లోని పిల్లల వైద్యులతో నెలకోసారి వీడియోలో ఈ కేసులు చర్చించే ఏర్పాటు చేయండి. ఆరేళ్లలోపు పిల్లలకు మందు రాసే ముందు తల్లిదండ్రులకు ప్రవర్తన శిక్షణ ఇప్పించాలనే నియమం పెట్టండి. అమెరికా పిల్లల వైద్యుల సంఘం కూడా నాలుగు, అయిదేళ్ల పిల్లలకు ముందుగా సూచించేది ఆ శిక్షణనే. ఆ శిక్షణ తెలుగులో ఇవ్వగల మనిషి ప్రతి జిల్లా కేంద్రంలో ఒకరు ఉండాలి. ఇప్పుడు అలాంటి మనిషి కోసం శ్రీకాకుళం తల్లి విశాఖకో, ఆదిలాబాద్ తండ్రి హైదరాబాద్‌కో రోజు కూలి వదులుకుని వెళ్లాల్సి వస్తోంది. వచ్చే విద్యా సంవత్సరం బడులు తెరిచేలోగా ఈ నియామకాలు పూర్తి కావాలి.