ఏటి పురుగులు పెరిగాయట, ఏ పురుగులు?

“యూరప్ నదుల్లో 50 ఏళ్లలో పురుగుల రకాలు పెరిగాయని శాస్త్రవేత్తలే తేల్చారు. నదులు వాటంతటవే బాగుపడతాయి. మన నాగావళీ అంతే, ఊరికే గోల చెయ్యకండి.” ఈ మెసేజ్ వారం రోజుల్లో మా శ్రీకాకుళం గ్రూపుల్లో మూడుసార్లు తిరిగింది. మూడోసారి పంపింది స్వయానా మా బావ. మొదటి వాక్యం నిజమే బావా, పేచీ మిగతాదానితోనే.

ఆ అధ్యయనం 2023లో నేచర్ పత్రికలో వచ్చింది. 22 దేశాల్లో 1,816 చోట్ల, 1968 నుంచి 2020 మధ్య తీసిన లెక్కలు. రకాలు ఏడాదికి సగటున 0.73 శాతం, పురుగుల సంఖ్య 1.17 శాతం పెరిగాయి. కాకపోతే ఆ పెరుగుదల చాలావరకు 2010కి ముందుది. తర్వాత ఎదుగూ బొదుగూ లేదు. కోలుకోవడం ఆగిపోయిందని వ్యాసం శీర్షికలోనే ఉంది. మెసేజ్ రాసినాయన అదైనా చదివినట్టు లేదు.

పైగా ఆ నదుల్లో చాలావాటికి ఒకప్పుడు మురుగుతో ఊపిరాడేది కాదు. మంచాన పడ్డవాడు లేచి కూర్చుంటే పొడుగు పెరిగాడనం కదా.

“వాటంతటవే” అన్నది శుద్ధ అబద్ధం. ఊళ్ల మురుగుని శుద్ధి చేశాకే వదలాలని యూరప్ 1991లో నిబంధన పెట్టుకుంది, ఖర్చూ పెట్టింది. అంత చేసినా ఆనకట్టల దిగువన, పట్టణాల పక్కన, సాగుభూముల మధ్య పురుగులు అంతగా కోలుకోలేదని అదే అధ్యయనం చెబుతోంది. నాగావళి మీద తోటపల్లి, నారాయణపురం ఆనకట్టలు ఉన్నాయి. ఒడ్డున వరి, ఆపైన మా ఊరి మురుగు. “మన నాగావళీ అంతే” అంటే ఏ జాబితాలో అంతే?

ఇక అసలు సంగతి. కొండ దిగొచ్చే గెడ్డలో ఓ రాయి తిరగేసి చూడండి. ఇసుకరేణువుల్ని తన పట్టుదారంతో అతికించి, వేలి గోరంత గొట్టం కట్టుకుని అందులో కూర్చున్న క్యాడిస్ పురుగు ఉంటుంది. పక్కనే పొట్టకి రెండువైపులా మొప్పలాడిస్తూ మూడు తోకల మేఫ్లై పిల్ల. మురుగు కలిసేచోట బురద తీస్తే వేరే లోకం: ఎర్రదారం ముక్కల్లాంటి పురుగులు, గుప్పెడు బురదలో లెక్కపెట్టలేనన్ని. వాటి ఒంట్లో హిమోగ్లోబిన్ ఉంటుంది కాబట్టి ఆక్సిజన్ అడుగంటినా బతికేస్తాయి. సంఖ్యే గొప్పయితే మొదటి బహుమతి మురుక్కాలవకే ఇవ్వాలి. అందుకే పురుగుల్ని బట్టి నీటిని తూచేవాళ్లు ఒక్కో పురుగుల కుటుంబానికి (దగ్గరి రకాల గుంపుకి) ఇంత అని 10కి మార్కులేస్తారు, మురుగుని ఎంత తట్టుకోలేకపోతే అంత ఎక్కువ. కొన్ని మేఫ్లైలకి 10కి 10 వస్తాయి, ఎర్రపురుగులు పట్టిక అడుగున ఉంటాయి.

ఒక్కసారి చూసి తేల్చేదీ కాదిది. వరద వెళ్లిన మర్నాడు రాళ్లు బోసిగా ఉంటాయి, నీళ్లు తేరాక అవే రాళ్లు కిక్కిరిసిపోతాయి. అదే చోట, అదే నెలలో, అదే వలతో ఏటేటా తీస్తేనే పెరిగాయో తగ్గాయో తెలిసేది. బావ పంపిన మెసేజ్‌లో నాగావళి నుంచి అలా తీసిన లెక్క ఒక్కటీ లేదు.