ఐదు పక్కన సున్నా కనబడలేదా బావా?

ఆ ఫుట్‌బాల్ మెసేజ్ రావడం ఇది నాలుగోసారి. మొదట మా బావ పంపాడు. తర్వాత డిగ్రీ బ్యాచ్ గ్రూపులో పడింది, ఆ వెనకే పిల్లల తండ్రుల గ్రూపులో. నిన్న పొద్దున మళ్లీ బావే పంపాడు, ముందు తానే పంపిన సంగతి మర్చిపోయి. పైన మూడు మంటల బొమ్మలు, కింద ‘ప్రతి కోచ్ చదివి తీరాలి’ అని ఒక ఆర్డరు. నల్లగొండ ఎన్జీ కాలేజీ గ్రౌండులో సాయంత్రాలు పిల్లల్ని ఆడించేది నేనే కాబట్టి, ఆ ఆర్డరు నాకేనని అర్థమైంది.

సంగతి 2025 మే 31న మ్యూనిక్‌లో జరిగిన ఛాంపియన్స్ లీగ్ ఫైనల్, యూరప్ క్లబ్బుల పెద్ద కప్పు. పారిస్ క్లబ్బు పీఎస్‌జీ 5, ఇటలీ క్లబ్బు ఇంటర్ మిలాన్ 0. మెసేజ్‌లో ఉన్న ముక్కలు ఇవి: స్టార్లను పంపేసి, పైసా ఖర్చు లేకుండా కుర్రాళ్లతో కప్పు కొట్టారు. టెన్షన్‌లో మొదటి బంతినే బయటికి తన్నుకున్నారు. రెండో గోల్ లక్కు. ఇంటర్ ముసలి టీమ్. ఇక అసలుది: ‘పది మందీ అటాకే, డిఫెన్స్ అన్న మాటే లేదు. మన పిల్లలకు కూడా డిఫెన్స్ నేర్పించడం ఆపేయండి.’

పైసా ఖర్చు లేదట. ఆ క్లబ్బు వెనక 2011 నుంచి ఖతార్ డబ్బుంది. డూయేను రెన్ నుంచి, జొవావ్ నెవెస్‌ను బెన్‌ఫికా నుంచి, క్వారత్‌స్ఖేలియాను నాపోలీ నుంచి కోట్ల యూరోలు పోసి కొన్నారు. మొదటి గోల్ కొట్టిన హకీమీని కొన్నది ఇంటర్ దగ్గరే! పెద్ద స్టార్ ఎంబాపే వెళ్లిపోయాకే గెలిచారన్నది నిజం. కాని అతన్ని ఎవరూ పంపలేదు. కాంట్రాక్టు అయిపోయింది, రియల్ మాడ్రిడ్‌కు పోయాడు.

మొదటి బంతి టెన్షన్‌తో పోలేదు. కావాలనే తన్నారు, ఆ సీజన్‌లో అది వాళ్లకు అలవాటే. కిక్-ఆఫ్ కాగానే ఇంటర్ మూల దగ్గర బంతిని లైను దాటించేస్తారు. త్రో ఎదుటివాళ్లదే, కాని తమ మూలలోంచి విసరాలి. ఒక పక్క గీత, వెనక తమ గోలు, ముందు నుంచి పీఎస్‌జీ వాళ్లు మూకుమ్మడిగా మీదికొస్తారు. పశువును దొడ్డి మూలకు తోలినట్టు. బంతి ఎదుటివాళ్ల చేతికిచ్చి ఊపిరాడకుండా చేయడం అది. టెన్షన్ పడాల్సింది త్రో విసిరేవాడు.

రెండో గోల్ ఇంటర్ ఆటగాడు డిమార్కో కాలికి తగిలి దిశ మారింది. అవును, లక్కే. మిగతా నాలుగు?

ఇక ఆ ‘డిఫెన్స్ అన్న మాటే లేదు’ దగ్గరికొద్దాం. ఈ ముక్క రాసిన మహానుభావుడు మ్యాచ్ చూడలేదు, గోల్స్ క్లిప్ చూశాడు. మనకు అర్ధరాత్రి పన్నెండున్నరకు మొదలైంది. రోహిణి కార్తె, ఇంట్లో పడుకోలేక డాబా మీద చాపేసుకుని ఫోనులో చూశాను. ఆ రాత్రి నాకు గోల్స్ కంటే ఎక్కువ గుర్తుండిపోయింది పీఎస్‌జీ అటాకర్ డెంబెలే నిలబడ్డ తీరు. ఇంటర్ గోలీ సోమర్ గోల్ కిక్ తీసుకోవడానికి బంతి పెడతాడు. పెనాల్టీ బాక్సు గీత మీద డెంబెలే నడుం వంచి, చేతులు మోకాళ్ల దగ్గర పెట్టుకుని, పరుగు పందెంలో విజిల్ కోసం చూసేవాడిలా సోమర్‌నే చూస్తుంటాడు. రెప్ప వేయడు. ఇంటర్‌కు వెనక నుంచి చిన్న పాసులతో పైకి రావడం అలవాటు. డెంబెలే పరుగెత్తుకొచ్చేటప్పుడు ఒక పక్క పాసు దారి మూసేస్తూ వస్తాడు. మిగిలిన ఒక్క దారిలో నెవెస్సో ఇంకొకడో మనిషికి మనిషిగా కాచుకుని ఉంటాడు. చివరికి సోమర్ గాల్లోకి బాదాలి, వెనక పీఎస్‌జీ డిఫెండర్లు మార్కిన్యోస్, పాచో ఆ బంతి తీసుకోవాలి. ఇది డిఫెన్స్ కాకపోతే మరేమిటి బావా?

డెంబెలే ఆ రాత్రి ఒక్క గోల్ కొట్టలేదు. రెండు ఇప్పించాడు. మ్యాచ్ అయ్యాక కోచ్ లూయిస్ ఎన్రికే ఏమన్నాడు? అతను డిఫెండ్ చేసిన తీరు ఒక్కటి చాలు, ఏటా ఉత్తమ ఆటగాడికిచ్చే బాలన్ డి’ఓర్ ఇచ్చేస్తానన్నాడు. ఆ ఏడాది సెప్టెంబరులో అది డెంబెలేకే వచ్చింది.

ఆ లక్కు గోల్ ఎక్కడ పుట్టిందో కూడా చూడండి. తమ గోల్ లైను పక్కన, ఇంటర్ వాళ్లు కార్నర్ కోసం చూస్తుంటే, పాచో బంతి బయటికి పోనివ్వకుండా లాక్కున్నాడు. అక్కడి నుంచి క్వారత్‌స్ఖేలియా, డెంబెలే, డూయే. డిఫెండర్ వదిలేసి ఉంటే ఇంటర్‌కు కార్నర్ వచ్చేది.

మా పిల్లలకు నేను కబడ్డీతో చెప్తాను. రైడర్ లోపలికొచ్చాడు, చైను కదిలింది. అందులో ఒక్కడు చెయ్యి వదిలి సొంతంగా దూకితే రైడర్ పాయింటు తీసుకుని నవ్వుకుంటూ పోతాడు. పీఎస్‌జీ ప్రెస్సింగ్, అదే అందరూ కలిసి ఎదుటివాళ్ల మీదికెళ్లడం, అంతే. రైట్ బ్యాక్, అంటే వెనక కుడి పక్క కాచే హకీమీ, గోల్ ముందు తేలాడంటే, అతని ఖాళీ ఇంకొకరు చూసుకుంటున్నారనే. క్లిప్పులో గోల్ కొట్టినవాడే కనబడతాడు, ఖాళీ నింపినవాడు ఫ్రేమ్‌లో ఉండడు.

ఈ ముక్క మీద ఇంత కోపం ఎందుకంటే, పోయిన ఆదివారం పక్క మండలం పిల్లలతో ఫ్రెండ్లీ ఆడాం. ఒక తండ్రి ఈ మెసేజ్ కొడుక్కి చదివి వినిపించాడట. వాడు మిగతావాళ్లకు చెప్పాడు. మొదటి పది నిమిషాలు అందరూ ఎదుటి గోల్ దగ్గర జాతరే. మా గోలీ ఒక్కడే వెనక, పన్నెండేళ్లవాడు, ‘సార్, సార్’ అని నన్ను పిలుస్తున్నాడు. ఆరు తిన్నాం. తండ్రిగారు గీత పక్కన నిలబడి ‘అటాక్, అటాక్’ అని చప్పట్లు. ఆయన్ని కూడా గ్రౌండులోకి దింపితే బాగుండు, ఇంకొక అటాకర్ దొరికేవాడు.

ముసలి టీమ్ అన్నది మాత్రం ఒప్పుకుంటాను. మొదట నవ్వొచ్చింది గాని అప్పటి వయసులు చూస్తే నోరు మూతపడింది. సోమర్‌కు 36, మిఖితార్యన్‌కు 36, అచెర్బికి 37. ఎదురుగా డూయేకు 19, చివరి గోల్ కొట్టిన మయులూకు 19. పైగా ఇంటర్ వాళ్లు బార్సిలోనాతో రెండు సెమీస్‌లూ కలిపి 7-6తో ప్రాణాలు అరచేతిలో పెట్టుకుని వచ్చారు. ఆ కాళ్లతో ఆ ప్రెస్సింగ్‌ను తొంభై నిమిషాలు తట్టుకోవడం కష్టమే. ఆ పాయింటు బావ ఖాతాలో వేయండి.

నిన్న సాయంత్రం డెంబెలే సంగతి పిల్లలకు చేసి చూపించాను, నడుం వంచి మరీ. అందరికీ నచ్చింది. గోల్ కిక్ పడింది. బాక్సు గీత మీద ఒకడు అచ్చం అలాగే, రెప్ప వేయకుండా వంగి నిలబడ్డాడు. భలే అనుకుని చూద్దును కదా, మా లెఫ్ట్ బ్యాక్.